పుల్లలు ఏరేసిన గుజ్జు

మా ముత్తాత నిజాం కాలంలో కోరుట్ల కాగితానికి గుత్తేదారు. కాగితం తీసే కాగజీల ఇళ్ళలో తయారైన ప్రతి కట్టా ముందు మా అరుగు మీదికి వచ్చేది. ఆయన చూసి, ఆయన ముద్ర పడ్డాకే జగిత్యాల, సిరిసిల్ల సర్కారు కచేరీలకు బండ్ల మీద వెళ్ళేది. మా తాత ఆ గుత్తను చివరిదాకా నిలబెట్టాడు. ఆయన కచేరీకి వెళ్తే కుర్చీ వేసేవారు, ఆయన కూర్చున్నాకే మాట మొదలయ్యేది. ఈ సంగతి ఇప్పుడు కోరుట్లలో ఎవరికీ గుర్తులేదు. గుర్తులేకపోవడం వాళ్ళ లోపమే కానీ మాది కాదు.

ముత్తాత కాగితాన్ని ఒక్కొక్కటే ఎండకేసి పట్టి చూసేవాడట. లోపల ముద్దో పుల్లో నల్లగా కనిపిస్తే అడ్డంగా చింపి పక్కన పడేసేవాడు. చింపినదాన్ని కాగజీ తీసుకెళ్ళి మళ్ళీ తొట్టిలో నానబెట్టి, దంచి, కొత్త కాగితం తీసేవాడు. దీనిమీద ఎవరూ అలిగేవారు కాదు. తప్పు కాగితం కచేరీకి పోతే ఇద్దరి పరువూ పోతుందని ఇద్దరికీ తెలుసు.

మర కాగితం వచ్చింది, గుత్త పోయింది. తాత మిగిల్చినదాన్ని నాన్న పంచాయితీలకూ పెద్దరికానికీ ఖర్చుపెట్టాడు. ఆ తర్వాత సామాను అమ్మకానికి పెట్టాడు. నేను అప్పుడు బడికి వెళ్తున్నాను. జనం వచ్చి గంగాళాలు పట్టుకెళ్ళారు, కాగితానికి మెరుగు పెట్టే నున్నటి రాళ్ళు పట్టుకెళ్ళారు, రాతి తొట్టిని ఒకాయన బర్రెల కుడితికి బాగుంటుందని ఎత్తించుకుపోయాడు. తొట్టిలోని గుజ్జును పలచగా పైకెత్తే గడ్డిపుల్లల జల్లెడ ఒకటి మాత్రం మిగిలిపోయింది. అటుతిప్పి ఇటుతిప్పి చూసి, ఇదెందుకు పనికొస్తుందని ఎవరూ తీసుకోలేదు.

ఇదంతా ముందు చెప్పడానికి కారణముంది. ఈమధ్య ఫ్యాక్టరీల్లో చేరుతున్న ఇంజనీరు పిల్లలు నా దగ్గరికి వచ్చి, "సార్, ప్రాసెస్ మోడలింగ్ నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడుగుతారు. ఏదైనా ఒకటేనని చెప్తాను. నా జవాబు వాళ్ళకు నచ్చదు. వాళ్ళ కోసమే ఈ ఒక్క సంగతి రాస్తున్నాను.

నేను కాగితం చదువు చదివి, నాలుగు రాష్ట్రాలు తిరిగి, చివరికి కోరుట్ల పక్కనే ఉన్న ఒక అట్టల మిల్లులో చేరాను. చిన్న మిల్లు. సుబాబుల్, జామాయిల్ కర్ర కొని, ముక్కలు కొట్టి, ఆవిరికి మెత్తబరిచి, రిఫైనర్‌లో వేసేవాళ్ళం. రిఫైనర్ అంటే ఎదురెదురుగా ఉండే రెండు ఉక్కు పళ్ళేలు. వాటి మీద గాట్లుంటాయి. ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది. ఆ రెండింటి సందులోంచి కర్రముక్క నలిగి నారగా బయటికొస్తుంది. మందులతో ఉడికించి తీసే గుజ్జు కాదు ఇది. యంత్రం బలంతో చీల్చి తీసేది. అందుకని కరెంటు విపరీతంగా తింటుంది. ఎంత చీల్చినా కొంత కర్ర నారగా విడిపోకుండా సన్నటి పుల్లలుగానే మిగులుతుంది. వాటిని ఆపడానికే తర్వాత స్క్రీన్ ఉంటుంది. సన్నటి చీలికలున్న ఉక్కు జల్లెడ అది. నార చీలికల్లోంచి వెళ్ళిపోతుంది, పుల్ల ఆగిపోతుంది. ఆగిన పుల్లలు ఇంకో చిన్న రిఫైనర్‌కు వెళ్ళి, నలిగి, మళ్ళీ స్క్రీన్ దగ్గరికే వస్తాయి. మా ముత్తాత చింపిన కాగితం మళ్ళీ తొట్టిలోకి వెళ్ళినట్టే.

మా అట్ట ఎక్కువ భాగం సిరిసిల్లకు పోయేది. అక్కడ ఒకాయన కోన్లు చేసేవాడు. నూలు చుట్టే అట్ట కోన్లు. ఆయన కోన్లే ఊళ్ళో సగం ఆసాములు వాడేవారు. ఆసామి అంటే వేరేవాళ్ళ దగ్గర పని తెచ్చుకుని నాలుగైదు సాంచాలు నడిపించుకునే మనిషి. సాంచాలంటే మరమగ్గాలు. నేను మిల్లులో చేరిన కొత్తలో కోన్లాయన ఒకసారి నన్ను పిలిపించుకున్నాడు. సాంచాల షెడ్డులో చెవులు పగిలే చప్పుడు. కండెలు చుట్టే ఒక ఆడమనిషి దగ్గర నిలబెట్టి నా చెవిలో అరిచాడు.

"సూడు సారూ, సూడు! ఆమె శెయ్యి సూడు!"

కోన్ మీదినుంచి దారం సర్రున లాక్కుంటూ పోతోంది. ఉన్నట్టుండి టప్పున తెగింది. ఆమె మిషన్ ఆపి, ముడేసి, నా వైపు ఒక చూపు చూసి మళ్ళీ నడిపింది. కాసేపటికి మళ్ళీ తెగింది.

"అట్టల పుల్లున్నది. దారం గుంజంగ గుంజంగ దానికి తట్టుతది. తట్టితే తెగుతది. తెగితే ముడి. ముడిపడ్డ బట్టకు ఆసామికి కోత. ఆసామికి కోతవడితే నాకు తిట్లు. గీ పుల్ల నీకు కండ్లకు కనవడదు సారూ. దారానికి కనవడ్తది."

తిరుగు బస్సు వేములవాడ దాటేదాకా నాకు ఆ టప్పుమన్న చప్పుడే వినపడుతూ ఉంది.

అప్పుడే మోడల్ మొదలుపెట్టాను. మోడల్ అంటే మిల్లును లెక్కల్లో నడిపి చూడటం, అంతకు మించి ఏమీ లేదు. రిఫైనర్ సందు ఇంత ఉంటే, ఇంత కరెంటు తింటే, ఎంత నార వస్తుంది, ఎన్ని పుల్లలు మిగులుతాయి. ఆ పుల్లల్లో ఏ పొడవువి స్క్రీన్ దగ్గర ఆగుతాయి, ఏవి తప్పించుకుంటాయి. ఆగినవి చుట్టూ తిరిగి వచ్చి ముందున్నవాటితో కలిస్తే ఏమవుతుంది. ఈ చుట్టు తెమిలేదాకా లెక్క మళ్ళీ మళ్ళీ వెయ్యాలి. దానికి కావలసిన గుజ్జు నమూనాలు నేనే తీశాను. రిఫైనర్ నోటి దగ్గర ఆవిరి బుస కొడుతుంది. చేతికి తడి గోనె చుట్టుకుని పట్టేవాణ్ణి. షిఫ్టు ఫోర్‌మన్, కొడిమ్యాల మనిషి, వాళ్ళ తండ్రి తాళ్ళెక్కేవాడు, పక్కన నిలబడి నవ్వేవాడు. "సారుకు ఏం కర్మమో! మా నాయిన తాడెక్కి కల్లు దించిండు, సారు గోనె కట్టి గుజ్జు దించుతుండు" అని.

దించాను. మోడల్ నిలబడింది. దాని ప్రకారం స్క్రీన్ సరిచేశాం, చిన్న రిఫైనర్ పళ్ళేలు మార్చాం. సిరిసిల్లలో దారం తెగడం ఆగింది. అప్పటినుంచి కోన్లాయన ఒక నియమం పెట్టాడు. ప్రతి అట్టచుట్ట మీద నేను చూసి నీలం సుద్దతో నా పొడి అక్షరాలు రాయాలి. ఆ రాత ఉంటే ఆయన చుట్ట విప్పి చూడడు. మా ముత్తాత ముద్రకు తర్వాత మా ఇంట్లో ఎవరి రాతకైనా అంత విలువ వచ్చిందంటే అది ఆ నీలం సుద్దకే.

తర్వాత మిల్లు చేతులు మారింది. కొత్త యజమాని కంకర క్రషర్ల మనిషి. గుట్టలు పగలగొట్టి పైకొచ్చాడు. దేన్నైనా పగలగొడితే అమ్ముకోవచ్చని ఆయన జీవితసారం. మొదటిరోజే మిల్లంతా తిరిగి, "కర్ర రాయికంటె మెత్తగనే ఉంటది గద, గింత కరెంటెందుకు?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంట్‌ను తెప్పించాడు.

ఆ అబ్బాయి వయసు నా పాతికేళ్ళ సర్వీసు అంత ఉంటుంది. బూట్లకు గుజ్జు అంటుతుందని రిఫైనర్ హాల్లోకి రాలేదు. ఏసీ గదిలో కూర్చుని నా మోడల్ అడిగాడు. ఇచ్చాను. దాచుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. దాన్ని తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు, రంగులు వేశాడు, బాణాలు గీశాడు. "సర్, మీ డేటా పాతది. ఇప్పుడున్న ల్యాబ్ డేటాతో మళ్ళీ ట్యూన్ చేస్తాను" అన్నాడు. చేసుకోమన్నాను.

కొన్నాళ్ళకు మీటింగ్ పెట్టారు. గోడ మీద బొమ్మ వేసి చూపించాడు.

"సర్, ఇంపార్టెంట్ ఫైండింగ్ ఏంటంటే, రిఫైనర్ నుంచే షైవ్స్ దాదాపు జీరో వస్తున్నాయి. అంటే స్క్రీన్ ఏ పనీ చేయట్లేదు. స్క్రీన్ పంపు, ఆ చిన్న రిఫైనర్, రెండూ తీసేయొచ్చు. పైగా మెయిన్ రిఫైనర్ గ్యాప్ కూడా పెంచొచ్చు. కరెంటు చాలా కలిసొస్తుంది."

షైవ్స్ అంటే పుల్లలే. పేరు మారిస్తే పోతాయని కాబోలు.

నేను గోడమీది గీత చూశాను. సందు తగ్గించినా పెంచినా, కరెంటు ఎక్కువిచ్చినా తక్కువిచ్చినా పుల్లల గీత నేలమట్టంగా పడుకునే ఉంది. అలాంటి రిఫైనర్ ఈ భూమ్మీద లేదు. ఉంటే దానికి రోజూ కొబ్బరికాయ కొట్టాలి.

"ఈ గీతకు వంపు ఎందుకు లేదు?" అన్నాను.

"డేటా అలా ఉంది సర్. మోడల్ డేటాను ఫాలో అవుతుంది."

యజమాని వైపు తిరిగాను. "మీ క్రషర్‌లో జల్లెడ తీసేస్తరా?"

"ఎట్ల తీస్తం సార్? జల్లెడ లేకుంటే లారోడు కంకర ఎత్తడు."

"మరి ఇది తీయమంటున్నడు గదా."

ఆయన కొంచెం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అబద్ధం చెప్పను. తర్వాత గోడమీది రంగులు చూసి, "అది రాయి సార్. ఇది కంప్యూటర్ చెప్తున్నది" అన్నాడు.

మీటింగ్ అయ్యాక నేను నేరుగా ల్యాబ్‌కు వెళ్ళాను. మా కెమిస్టు జగిత్యాలలో ఎమ్మెస్సీ చదివినవాడు. అందరితో మంచిగా ఉంటాడు. అందరితో మంచిగా ఉండేవాడికి ల్యాబ్ అప్పగించకూడదని ఆరోజు నాకు తెలిసింది. తెల్లటి పళ్ళెంలో రిఫైనర్ దగ్గరి గుజ్జు పోసుకుని, దీపం కింద వంగి, సన్నటి పట్టుకారుతో ఏదో తీస్తున్నాడు. మా ఇళ్ళలో చేటముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతారు, అచ్చం అట్లాగే.

"ఏం చేస్తున్నవ్?"

"శాంపిల్ సాఫ్ చేస్తున్న సార్."

"ఎవరు చెయ్యమన్నరు?"

"ఎవలన్న చెప్పాల్నా సార్? సేటు రౌండుకు అచ్చినప్పుడు గీ పళ్ళెం సూసి, గిదేంది గీ చెత్త, ల్యాబు గిట్లుంటదా అని ఒర్రిండు. అప్పటిసంది ఏరే పెడుతున్నం. మూడు షిఫ్టులల్ల గంతే."

"ఏరినవి ఏం చేస్తున్నరు?"

చెత్తబుట్ట చూపించాడు. అడుగున తడి పుల్లలు. మోడల్‌కు కావలసిన లెక్కంతా ఆ బుట్టలో ఉంది.

"టెస్టు చేసేదే వాటికోసం గదా. అవి తీసేసి దేన్ని టెస్టు చేస్తున్నవ్?"

"పుల్లలుంటే రీడింగ్ ఖరాబు అస్తుంది సార్."

"ఖరాబు రావాలె. రిఫైనర్ ఖరాబుంటే రీడింగ్ ఖరాబే రావాలె."

పట్టుకారు కింద పెట్టి, జాలిగా నా వైపు చూశాడు. "మీరు గట్లంటరు సార్. మొన్న గా హైదరాబాదాయన రీడింగులు సూసి, గింత మంచి ల్యాబు నేనెక్కడ సూడలే అన్నడు. సేటు నా భుజం తట్టిండు. ఇప్పుడు పుల్లలున్నయని చెప్తే, ఇన్నొద్దులు ఏం చేసినవ్‌రా అంటడు."

ఇదీ సంగతి. ఎవడూ దొంగతనం చెయ్యలేదు. ఎవడూ కుట్ర చెయ్యలేదు. పెద్దాయన కంటికి ఇంపుగా ఉండాలని గుజ్జును ముస్తాబు చేశారు, ఆ ముస్తాబును కొలిచారు, ఆ కొలతతో మోడల్‌ను దిద్దారు. మోడల్ ఏం చేస్తుంది పాపం. పెట్టింది తిని, తిన్నదే చెప్పింది.

మర్నాడు రెండు పలచటి అట్టముక్కలు చేయించాను. ఒకటి ఏరిన గుజ్జుతో, ఒకటి ఏరనిదానితో. యజమాని గదిలో కిటికీకి పట్టి చూపించాను. ఏరనిదాంట్లో పుల్లలు చీమల బారులా కనిపించాయి. ఏం జరిగిందో మొదటినుంచి చెప్పాను. కన్సల్టెంటూ అక్కడే ఉన్నాడు. ఫోన్ చూసుకుంటూ విన్నాడు.

యజమాని రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ముఖం వెలిగింది. నాకు ఆశ పుట్టింది.

"అంటే సార్, ఏరితే మంచిగైతుందన్నట్టే గద?"

"ఏరింది పరీక్ష కోసం తీసిన పిడికెడు గుజ్జు..."

"గదే అంటున్న. పిడికెడు ఏరితే గింత మంచిగున్నది. మొత్తం ఏరిపిద్దాం. స్క్రీన్‌కు కరెంటు కావాలె, మనుషులకు కరెంటు అద్దు గద!"

కన్సల్టెంట్ తలెత్తి, "హైబ్రిడ్ అప్రోచ్. బాగుంది సర్" అన్నాడు.

నమ్మకపోతే మానండి. స్క్రీన్ ఆపేశారు. రిఫైనర్ సందు పెంచారు. గుజ్జు పలచగా పరుచుకుని వెళ్ళే బెల్టుకు రెండు పక్కలా ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. వెల్గటూర్ వైపు నుంచి ఆటోల్లో వచ్చేవారు. సెంటు భూమి లేని ఇళ్ళవాళ్ళు. ఏ పని దొరికితే ఆ పనికి వెళ్ళేవాళ్ళు. కారిపోతున్న తడిముద్దలో వేళ్ళు పెట్టి వెంట్రుకంత పుల్లలు వెతకాలి. వేళ్ళు నానిపోయి తెల్లబడేవి.

ఒకామె, అందరిలోకి పెద్దది, మెడలో సిలువ దండ, నేను పక్కనుంచి వెళ్తుంటే వినపడేలా అంది. "బియ్యం ఏరినం, పల్లి ఏరినం, పసుపు ఏరినం. గీ బురద ఏరుడేంది తల్లీ! గీ సారు చెప్పిండంటనా?"

"గీ సారు కాదు అత్తా. గీయన వద్దన్నడంట" అంది పక్కామె.

"వద్దన్నోడు గూడ గీడనే తిరుగుతుండు గద బిడ్డా."

బెల్టు ముందుకు పోతూనే ఉంది. వాళ్ళు ఏరినవి ఏరగా, ఏరనివి వందింతలు అట్టలోకి పోతూనే ఉన్నాయి.

ఆ నెలలోనే సిరిసిల్లకు ప్రభుత్వ చీరల ఆర్డరు వచ్చింది. ఏడాదిలో ఊరంతటికీ పని దొరికే కాలం అదొక్కటే. కోన్లాయన ఆసాములందరికీ కోన్లు ఇస్తానని మాటిచ్చాడు. ఫోన్‌లో నాతో ఒక్కటే అన్నాడు. "ఈసారి దారం తెగిందంటే నా పని అయిపోయినట్టే సారూ. అందరు ప్లాస్టిక్ కోన్లకు పోతరు. ఒక్కసారి పోతే మళ్ళ రారు. నీ రాత సూసుకోని మాటిచ్చిన."

"నువ్వే లారీతో రా" అన్నాను. అంతకంటే ఫోన్‌లో చెప్పడం నాకు మర్యాద అనిపించలేదు. మిల్లు ఉప్పు తింటూ మిల్లు గుట్టు ఫోన్‌లో చెప్పను. ఎదురుగా అడిగితే అబద్ధమూ చెప్పను.

లోడింగ్ రోజు యార్డులో చుట్టలన్నీ వరసగా నిలబెట్టారు. తెల్లగా, మొద్దుగా, ఒక్కదాని మీదా నీలం రాత లేదు. యజమాని నా దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో సుద్దముక్క ఉంది. అది నా బల్ల మీదిది.

"సార్, జల్ది రాయుర్రి. లారీ అచ్చే టైమైంది."

"రాయను."

"రెండక్షరాలు సార్. రాస్తే మీదేం పోతది?"

"ఆ రెండక్షరాలే పోతయి."

ఆయనకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడే ఆయన మనసులో ఉన్నది స్పష్టంగా మాట్లాడతాడు. "మీ తాతల కాలంల ఎండకు పట్టి సూసేటోళ్ళంట, మీరే చెప్పుకుంటరు. గా తాతలేరి? గా కాగితమేది? మీ అరుగు మీద ఇప్పుడు మొబైల్ షాపున్నది సార్. గింత బిర్రుగ ఉంటే ఎట్ల?"

ఆ మాట నిజమే. మా అరుగు మీద మొబైల్ షాపు ఉంది. నేను దాని ముందునుంచే రోజూ డ్యూటీకి వచ్చేవాణ్ణి. తల దించుకుని రాలేదు.

"మొబైల్ షాపాయన కూడా పగిలిన ఫోన్ కొత్తదని అమ్మడు" అన్నాను.

ఆయన సుద్దను కెమిస్టు చేతిలో పెట్టాడు. "నువ్వు రాయి." కెమిస్టు నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. తర్వాత వంగి, మొదటి చుట్ట మీద నా పొడి అక్షరాలు రాశాడు. అందంగా రాశాడు. నాకంటే అందంగా. అన్నిటి మీదా రాశాడు.

లారీ వచ్చింది. కోన్లాయన ముందు సీట్లోంచి దిగాడు. ఎప్పటిలాగే యజమానికి దండం పెట్టి, నన్ను చూసి నవ్వి, మొదటి చుట్ట దగ్గరికి వెళ్ళాడు. హమాలీలు పైకెత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"గీ రాత నీది గాదు గద సారూ."

"నాది కాదు."

"మరి నువ్వెందుకు రాయలే?"

"అట్ట బాగలేదు."

యజమాని గొంతు లేచింది. "ఏయ్ సారూ, ఏం మాట్లాడుతున్నవ్! కాకా, గాయనకు నామీద కోపం. ల్యాబుల పాసైంది అట్ట. రిపోర్టున్నది, సూపిస్త దా."

కోన్లాయన రిపోర్టు అడగలేదు. చొక్కా జేబులోంచి నూలు ఉండ తీశాడు. కొంచెం విప్పి, ఒక కొన పంటితో పట్టుకుని, రెండోది చేతికి చుట్టుకుని, చుట్ట అంచు మీదుగా లాగాడు. సర్రుమంది. టప్పున తెగింది. ఇంకో చుట్ట. మళ్ళీ తెగింది. ఇంకోటి. అన్నేళ్ళూ నా రాత ఉంది కాబట్టి ఆయన ఈ పని చెయ్యలేదు. ఆరోజు వరసంతా చేసుకుంటూ వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కింద అంతా తెగిన దారాలే.

"సేటూ, నీ రిపోర్టు చదువుకునేటోళ్ళకు సూపియ్యి. సాంచకు చదువు రాదు." హమాలీల వైపు తిరిగి, "ఒక్కటి గూడ ఎత్తకుర్రి" అన్నాడు.

"ఎత్తకుంటే మళ్ళ నీకు అట్ట ఎవడిస్తడు? సీజన్ల ఎక్కడ దొరుకుతది?"

"దొరకకుంటే కోన్లు లేవని చెప్త. పుల్లలున్న కోన్లిచ్చిన్నని మాత్రం అనిపిచ్చుకోను."

ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా భుజం మీద చెయ్యివేసి తీసేశాడు. ఎక్కడెక్కడో తిరిగి, ఎక్కడో దూరాన అట్ట సంపాదించి, ఆలస్యంగా కోన్లు ఇచ్చాడని తర్వాత తెలిసింది. కొందరు ఆసాములు ఈలోగా ప్లాస్టిక్‌కు పోయారు. మిగిలినవాళ్ళు ఆయన కోసం ఆగారు. సాంచాలు ఖాళీగా పెట్టుకుని ఆగారు. ఎందుకాగారో క్రషర్ల మనిషికి అర్థమయ్యే విషయం కాదు.

నేను ఆరోజే రాజీనామా రాసి ఇచ్చాను. గేటు దగ్గర ఫోర్‌మన్ కనిపించాడు. ఈసారి నవ్వలేదు.

"మీ తాతల పరువు మంచిగనే నిలవడ్డది సారూ. ఇగ మేము ఏడవోవాలె? సిరిసిల్లాయన పోతే మిల్లేడిది, మిల్లు పోతే మేమేడ?"

"నేను రాసి ఉంటే మిల్లు నిలిచేదా?"

"ఒక సీజన్ నిలిచేది. సీజనంటే మాకు తక్కువనా?"

ఈ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. అతను దుబాయ్ వెళ్ళి కొన్నాళ్ళు పనిచేసి వచ్చాడు. ఇప్పుడు కొడిమ్యాలలో చిన్న వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. కనిపిస్తే నమస్తే చెప్తాడు. ఛాయ్ తాగమని మాత్రం అనడు.

మిగతావాళ్ళ సంగతీ చెప్పాలి కదా. మిల్లు మరుసటి ఏడాది మూతపడింది. యజమాని తిరిగి గుట్టల మీదికి వెళ్ళాడు. మిల్లు స్థలంలో ఫంక్షన్ హాలు కట్టాడు, బాగా నడుస్తోందట. కెమిస్టు ఇప్పుడొక పెద్ద కంపెనీలో క్వాలిటీ మేనేజర్. ఆశ్చర్యం ఏమీ లేదు. కన్సల్టెంట్ ఊరూరా తిరిగి చెప్పే ఉపన్యాసాల్లో మా మిల్లు బొమ్మ ఇంకా వేస్తున్నాడని ఒక శిష్యుడు చెప్పాడు. కరెంటు వాడకం ఎలా తగ్గించాడో గీత గీసి చూపిస్తాడట. గీత నిజంగానే నేలకు దిగిందట. దిగదా మరి! మూతపడ్డ మిల్లు కంటే తక్కువ కరెంటు తినే మిల్లు ఎక్కడుంటుంది? ఆయన మోడల్ చెప్పిన వాటిలో నిజమైంది ఇదొక్కటే.

పిల్లలూ, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని నన్నడగకండి. గుజ్జు పట్టినవాడు ఎవడో, పట్టినచోట పట్టాడో లేదో, పట్టినదాంట్లోంచి ఏం తీసిపారేశాడో ముందు వెళ్ళి చూడండి. చెత్తబుట్టలో చెయ్యి పెట్టండి. చేతికి తడి గోనె చుట్టుకోవడానికి సిగ్గుపడేవాడు మోడల్ జోలికి రాకపోతే దేశానికి మేలు. తన పేరు ఇంకొకడు అందంగా రాస్తుంటే చూస్తూ ఊరుకునేవాడూ రానక్కర్లేదు.

మిల్లు సామాను వేలం వేసినరోజు నేనూ వెళ్ళాను. పిలవలేదు, వెళ్ళాను. చిన్నప్పుడు మా అరుగు మీద చూసినట్టే, జనం ఒక్కొక్కదాన్నీ చేత్తో తట్టి, ముఖం పెట్టి, ముందుకు పోతున్నారు. మోటార్లు, పైపులు, బెల్టు, ఆడవాళ్ళు కూర్చున్న బల్లలు, అన్నీ పోయాయి. కోన్లాయన ఇద్దరు ఆసాములను వెంటబెట్టుకుని వచ్చాడు. పాతకాగితం నానబెట్టి సిరిసిల్లలోనే అట్ట చేసుకుంటారట. ఆయన నేరుగా స్క్రీన్ దగ్గరికి వెళ్ళాడు, మిగతా వేటివైపూ చూడలేదు.

రెండు రిఫైనర్లూ తుక్కు కింద అమ్ముడుపోయాయి. స్క్రీన్ మాత్రం యంత్రంగానే అమ్ముడుపోయింది.